ఒడ్డున ఉన్న వలకే గండాలెక్కువ
వేట ఆగిన రెండు నెలల్లో వల, ఇంజను, పడవ భద్రపరిచే తీరు

ఏటా అశ్విని కార్తె ప్రవేశించిన రోజుల్లోనే సముద్రంలో వేట ఆగిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో మరపడవలకు, ఇంజను బిగించిన పడవలకు వేట నిషేధం. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమని ఈ కట్టుబాటు. 2015కు ముందు ఇన్ని రోజులు ఉండేది కాదు. మళ్లీ మృగశిర కార్తెలో గాని పడవ నీళ్లలో దిగదు.

మన శ్రీకాకుళం తీరంలో సరిగ్గా ఇదే సమయానికి జీడి తోటల్లో పిక్కల ఏరివేత ఉంటుంది. పడవలో ఒక వాటా, ఉద్దానంలో అరెకరమో ఎకరమో జీడి, కొబ్బరి ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వేట ఆగిన మర్నాడే ఇంటిల్లిపాదీ తోటకు పోతారు. ఆ హడావుడిలో వల ఎక్కడ పడేశారో, ఎలా పడేశారో చూసేవాళ్లుండరు. జూన్ రెండో వారంలో విప్పి చూసుకుంటే అప్పుడు తెలుస్తుంది సంగతి.

మా మేనమామకు ఇలాగే జరిగింది. ఉప్పు నీటి తడితోనే వలను చుట్టబెట్టి, పాకలో మూలకు తోసి, పైన కొబ్బరాకులు కప్పి తోటకు పోయాడు. రెండు నెలలకు తీస్తే అందులో ఎలుక పిల్లలు పెట్టింది. దులిపితే పోగులు పోగులుగా రాలింది. "ఎలక్కి తప్పు నేదురా అల్లుడూ, నానే కంచంలో ఎట్టి ఇచ్చీసేను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ సంవత్సరం కొత్త వలకు సావుకారు దగ్గర బదులు తెచ్చాడు. బదులు తీరే దాకా పట్టిన చేపంతా ఆయనకే, ఆయన చెప్పిన ధరకే పోయింది. వడ్డీ కంటే ఆ ధర తేడాయే ఎక్కువ కుంగదీసింది.

నూలు వల అలవాటు నైలాన్ వలకు చేటు

పూర్వం వలలన్నీ నూలువి, జనపనారవి. అవి తడిగా ఉంటే కుళ్లిపోతాయి. అందుకని తుమ్మ చెక్క కషాయంలో ముంచేవారు, వేట నుంచి రాగానే ఇసుక మీద పరిచి మంచి ఎండలో ఆరబెట్టేవారు. నూలుకు అది సరైన పనే. 1950ల చివర నుంచి మన దేశంలోకి నైలాన్ వచ్చింది. వల మారింది గాని అలవాటు మారలేదు. ఇప్పటికీ ఏ పేటకు పోయినా మిట్టమధ్యాహ్నం ఇసుక మీద నైలాన్ వలలు పరిచి ఉంటాయి.

నైలాన్ సంగతి పూర్తిగా వేరు. తడికి అది కుళ్లదు. ఎండకే చస్తుంది. ఎండలో మన కంటికి కనిపించని కిరణాలు కొన్ని ఉంటాయి. నైలాన్ పోగు లోపల గొలుసులా ఉండే అల్లికను అవి తెంపుతూ పోతాయి. పైకి వల బాగానే కనిపిస్తుంది, కన్ను చెదరదు, రంగు మాత్రం కాస్త వెలుస్తుంది. బరువు పడినప్పుడు పుటుక్కున తెగుతుంది. చేప తెంపుకు పోయిందనుకుంటాం గాని అంతకు ముందే ఎండ సగం తెంపి పెట్టి ఉంటుంది.

పోగు ఎంత సన్నమైతే అంత త్వరగా చెడుతుంది. గాజులా మెరిసే ఒంటిపోగు సన్న వలలకు ఈ ప్రమాదం ఎక్కువ. లావు తాడుకు పైపొర చెడినా లోపలి పోగులకు కొంత కాపు ఉంటుంది. పడవకు కట్టే ప్లాస్టిక్ తాళ్లకూ ఎండ శత్రువే. ఏడాదంతా ఎండలో ఉన్న తాడును మెలిపెడితే తవుడులా పొడి రాలడం మీరు చూసే ఉంటారు.

అందుచేత ఈ రెండు నెలలూ వలకు కావలసింది నీడ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండకు వలను వదిలేసి, తర్వాత అమ్మినవాడు నాసిరకం ఇచ్చాడని తిట్టుకుని లాభం లేదు.

మొదటి పని ఉప్పు వదిలించడం

ఆఖరి వేట నుంచి వచ్చాక వలను మంచినీటితో కడగాలి. ఉప్పు నైలాన్‌ను తినదు, నిజమే. అయితే వల ఆరిన కొద్దీ ఉప్పు పలుకులు కట్టి ముడుల్లో, పోగుల మధ్య ఇరుక్కుంటాయి. వలను మడిచినా లాగినా అవి ఇసుకలా పోగును కోస్తాయి. పైగా ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి కడగని వల ఎన్నాళ్లు దాచినా చెమ్మగానే ఉంటుంది. చేప పొలుసు, జిగురు, నాచు అందులో కుళ్లి వాసన కొడతాయి. ఆ వాసనకే చీమలు, ఎలుకలు చేరతాయి.

తీర గ్రామాల్లో వేసవిలో మంచినీటికే కరువు, వల కడగడానికి ఎక్కడిదని అడగవచ్చు. బోరు నీరు కాస్త ఉప్పగా ఉన్నా ఫరవాలేదు, సముద్రపు నీటి కంటే నయమే. ఒకేసారి ఎక్కువ నీళ్లు గుమ్మరించే కంటే, ఒక డ్రమ్ములో నానబెట్టి తీసి, మళ్లీ వేరే నీళ్లలో ఒకసారి ముంచితే తక్కువ నీటితోనే ఉప్పు పోతుంది. ఆ నీటిని మాత్రం కూరపాదులకు పోయకండి. కాలువ, చెరువు దగ్గర ఉన్నవాళ్లు బండి మీద వేసుకుపోయి జాడించుకోవచ్చు. పశువులు తాగే రేవులో మాత్రం వద్దు.

కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడరు, ఆసిడ్, ఫినాయిలు వాడకూడదు. నైలాన్‌ను ఇవి నేరుగా పాడు చేస్తాయి. చేపల పెట్టెలకు బ్లీచింగ్ వేసి కడిగే రోజున వలను దూరంగా ఉంచాలి. నాచు వదలకపోతే చేత్తో నలిపి దులపాలి, కర్రతో బాదవద్దు.

తర్వాత ఆరబెట్టడం. సరుగుడు తోట నీడలోనో, కొబ్బరి చెట్ల మధ్యనో వెదురు కట్టి దండెం మీద బట్టల్లా వేయాలి. గాలి తగిలితే నైలాన్ త్వరగానే ఆరుతుంది, దానికి ఎండ అక్కర్లేదు. నీడ దొరకని చోట పొద్దు వాలాక వేసి, తెల్లవారి ఎండ ఎక్కక ముందే తీసేయవచ్చు. రాత్రి మంచు పడితే మర్నాడు మళ్లీ వేయాలి. ఇసుక మీద, సిమెంటు గచ్చు మీద, రేకుల మీద మాత్రం పరచవద్దు.

మడవక ముందే బాగు చేయాలి

ఆరిన వలను దండెం మీదే ఇద్దరు మనుషులు బారలు బారలుగా చూసుకుంటూ పోవాలి. చిరుగు కనిపించిన చోట ఎర్ర గుడ్డ పేలిక కట్టాలి. అన్నీ గుర్తు పెట్టాక ఎన్ని చిరుగులున్నాయో, ఎంత నూలు కావాలో లెక్క తేలుతుంది. జూన్‌లో అందరూ ఒక్కసారి నూలు కోసం పడతారు, అప్పుడు ధర చెప్పినంత. ఇప్పుడే తెచ్చుకుంటే తొందర ఉండదు.

వల ఇంకా పనికొస్తుందా లేదా అన్నది చూడ్డానికి సులువైన పద్ధతి ఉంది. బెండ్ల తాడు దగ్గర ఒక కన్ను, మధ్యలో ఒక కన్ను పట్టుకుని రెండు చేతులా లాగాలి. అదే రకం కొత్త నూలు ముక్కను కూడా లాగి చూడాలి. కొత్త నూలు చేతికి కోసుకుపోయేంత లాగినా తెగకపోగా, వల కన్ను సులువుగా తెగిపోతే ఆ భాగం ఎండకు చచ్చినట్టే. వేళ్లతో నలిపితే తెల్లగా పొడి రాలినా అంతే. అలాంటి చోట కొత్త నూలుతో అతుకు వేసినా అతుకు నిలుస్తుంది, పక్కన తెగుతుంది. ఆ ముక్క మొత్తం కోసి మార్చుకోవాలి. ఎన్నాళ్లని అతుకులు వేస్తాం?

కోసి తీసిన పాత వలను సముద్రంలో పారేయవద్దు. అది అక్కడ కూడా చేపల్ని, తాబేళ్లను పట్టి చంపుతూనే ఉంటుంది, మనకు దక్కదు. బీర, ఆనప పాదులకు పందిరిగా కట్టుకుంటే ఒక పంటకు వస్తుంది. చేను చుట్టూ కంచెగా కడితే మాత్రం రోజూ చూసుకోవాలి, పాములు చిక్కుకుంటాయి. తెలియక చేయి పెడితే ప్రమాదం.

ఉట్టి కట్టినట్టు కట్టాలి

మడత పెట్టేటప్పుడు బెండ్ల తాడు ఒక పక్కకు, సీసం గుండ్ల తాడు ఒక పక్కకు వచ్చేలా చేర్చుకోవాలి. రెండు మూడు బారలకు ఒక చోట వదులుగా గుడ్డ పేలికతో కట్టాలి. గుండ్లను వల మీద మోపవద్దు, బరువుకు కిందిది నలుగుతుంది. ఇనుప గొలుసు గాని, తుప్పు పట్టిన కొక్కెం గాని వలలో ఉంచకూడదు. తుప్పు అంటిన చోట పోగు బలం తగ్గుతుంది.

ఆ తర్వాత గోనె సంచిలో గాని, శుభ్రంగా కడిగిన ఎరువుల బస్తాలో గాని వేయవచ్చు. బస్తాకు రెండు మూడు చోట్ల చిల్లులు పెడితే గాలి ఆడుతుంది. పొలం ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక మాట. యూరియా బస్తాలు, పురుగుమందు డబ్బాలు ఉన్న గదిలోనే వలను కూడా తోసేయడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అది మంచిది కాదు. ఎరువు చెమ్మ లాగుతుంది, మందు ఒలికితే వలకు అంటుతుంది. ఆ వలను రేపు చేత్తో పట్టేది మనమే, నోటితో నూలు కొరికేదీ మనమే. పాత బ్యాటరీ పక్కన అసలే పెట్టవద్దు. బ్యాటరీ ఆసిడ్ ఒక్క చుక్క పడినా నైలాన్ అక్కడికక్కడే పుచ్చిపోతుంది.

ఇక ఎలుక. వలను నేల మీద పెడితే ఎలుక నుంచి కాపాడడం ఎవరి తరమూ కాదు. వేపాకు వేస్తే పురుగు రాదేమో గాని ఎలుక లెక్క చేయదు. ఎలుకల మందు వల దగ్గర పెడితే అది తిని వలలోనే చస్తుంది, ఆ కంపు పోదు, పిల్లలకూ ప్రమాదమే. పిల్లిని పెంచితే సరి అనుకోవద్దు. చేప వాసన మిగిలి ఉంటే పిల్లే గోళ్లతో వలను పీకుతుంది.

వెనకటి ఇళ్లలో పెరుగు కుండను ఉట్టి మీద పెట్టినట్టు, వల మూటను దూలానికి వేలాడదీయడమే నమ్మకమైన ఉపాయం. గోడకు, స్తంభానికి మూరెడు దూరం ఉండాలి. తాడు బదులు ఇనుప తీగ వాడాలి. తీగ మధ్యలో వెడల్పాటి డబ్బా మూతకు చిల్లు పెట్టి గొడుగులా దూర్చితే, పైనుంచి దిగే ఎలుక ఆ రేకు మీద పట్టు దొరక్క ఆగిపోతుంది. ఖర్చు పది నిమిషాల పని. అయితే పొయ్యికి పైన మాత్రం కట్టకూడదు. నిప్పురవ్వ పడితే నైలాన్ కరిగి ముద్దవుతుంది, కరిగినది కింద ఉన్న మనిషి మీద పడితే చర్మాన్ని పట్టుకుని వదలదు.

నెలకోసారి దింపి, మూట విప్పి, మడత మార్చి కట్టాలి.

గాలాలు, సీసం

గాలాల తాడు ఉన్నవాళ్లు గాలాలను మంచినీటిలో కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరాక కొబ్బరినూనె పల్చగా రాసి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి. ఇంజను ఆయిలు రాస్తే తుప్పు ఆగుతుంది గాని ఆ వాసన ఎరకు అంటుతుంది. గాలాలను థర్మోకోల్ ముక్కకో, కొబ్బరి పీచు తాడుకో గుచ్చి వరసగా ఉంచితే చిక్కు పడవు, పిల్లల కాళ్లకూ గుచ్చుకోవు.

ఈ రెండు నెలల ఖాళీలో చాలామంది పాత సీసం కరిగించి కొత్త గుండ్లు పోసుకుంటారు. వంటింటి పొయ్యి మీద, అన్నం వండే గిన్నెలో ఆ పని చేయడం నేను కళ్లారా చూశాను. సీసం విషం. దాని పొగ, ధూళి లోపలికి పోతే పెద్దలకూ చేటే, పిల్లల మెదడుకైతే తీరని నష్టం. ఊరి బయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి, వేరే ఇనుప మూకుడులో కరిగించాలి. ఆ మూకుడు మళ్లీ ఇంట్లోకి రాకూడదు. చేతులు సబ్బుతో కడగకుండా బీడీ ముట్టవద్దు, అన్నం ముట్టవద్దు. తడి అచ్చులో కరిగిన సీసం పోస్తే పేలి మొహాన పడుతుంది కాబట్టి అచ్చు పూర్తిగా పొడిగా ఉండాలి.

ఇంజను

నీటితో చల్లబడే రకం ఇంజనుకు లోపలి గొట్టాల్లో సముద్రపు నీరు నిలిచి ఉంటుంది. ఆరిన కొద్దీ అది ఉప్పు గట్టి దారి మూసేస్తుంది. డ్రమ్ములో మంచినీరు నింపి, ఇంజను కాలు అందులో ఉంచి పది నిమిషాలు నడిపితే ఉప్పు కడిగిపోతుంది. నీళ్లు లేకుండా మాత్రం క్షణం కూడా నడపకండి, పంపులోని రబ్బరు కాలిపోతుంది. పెట్రోలు, కిరోసిన్ ఇంజన్లకు చివర్లో ఇంధనం గొట్టం తీసేసి దానంతటది ఆగే దాకా నడవనిస్తే కార్బురేటరు ఖాళీ అవుతుంది, జిడ్డు పట్టదు. తర్వాత ప్లగ్గు విప్పి, రంధ్రంలో రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి, స్టార్టరు తాడు నాలుగైదుసార్లు మెల్లగా లాగి ప్లగ్గు బిగించాలి.

గాలితో చల్లబడే డీజిల్ ఇంజనైతే పని తక్కువ. ఇంజను వేడిగా ఉండగానే పాత ఆయిలు దించి కొత్తది పోయాలి. పాత ఆయిలులో మసి, ఆసిడ్ ఉంటాయి, రెండు నెలలు నిలవ ఉంటే బేరింగులను తింటుంది. వారానికి ఒకసారి చేత్తో రెండు చుట్లు తిప్పితే లోపల పట్టేయదు.

ఏ ఇంజనుకైనా గేర్ల పెట్టె ఆయిలు ఒక చుక్క దించి చూడాలి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు దిగాయని అర్థం, సీలు పోయింది. ఇప్పుడు మార్పిస్తే చిన్న ఖర్చు, వదిలేస్తే గేర్లే పోతాయి. మెకానిక్కుకు కూడా ఈ రోజుల్లోనే తీరిక. మిగిలిన డీజిలు, పెట్రోలు ఇంట్లో నిలవ పెట్టవద్దు, పూరిళ్ల పేటల్లో అంతకంటే ప్రమాదం లేదు.

పడవ, తుపాను

నిషేధం మొదలయ్యాక పడవల లెక్క రాసుకోవడానికి మత్స్యశాఖ వాళ్లు వస్తారు. పడవ బోర్లించినా రిజిస్ట్రేషన్ నంబరు కనిపించేలా ఉండాలి. వేట నిషేధ భృతి (2025లో దాన్ని 20,000 రూపాయలకు పెంచారు) ఆ లెక్కను బట్టే గనుక కాగితాలు, కార్డులు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంట్లో ఎత్తైన చోట ఉంచుకోవాలి.

ఫైబరు పడవను కెరటం అందని ఎత్తుకు లాగి, తాటి మొద్దుల మీద బోర్లించడం మేలు. బోర్లించలేకపోతే అడుగున నీళ్లు పోయే బిరడా తీసి ఉంచాలి. వాన నీరు నిలిస్తే ఆ బరువుకు అడుగు కుంగుతుంది, దోమలూ పెరుగుతాయి. పగుళ్లుంటే మంచినీటితో కడిగి, బాగా ఆరాకే అతుకు వేయించాలి. తడి మీద వేసిన అతుకు మొదటి కెరటానికే లేస్తుంది. చెక్క పడవకు మాత్రం జాగ్రత్త వేరు. అతిగా ఆరితే పలకలు ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి. కొబ్బరాకుల నీడ వేసి, అప్పుడప్పుడు నీళ్లు చల్లాలి. జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె చెక్కకు పట్టిస్తే పురుగు తట్టుకుంటుంది. అది చర్మాన్ని కాలుస్తుంది, ఒట్టి చేత్తో ముట్టవద్దు.

 మనకు వేట ఆగేది తుపాన్లు పుట్టే నెలల్లో. 1990 మే 9న కృష్ణా డెల్టాను ముంచిన తుపాను, 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా, 2019 మే 3న పూరీ దగ్గర దాటుతూ మన ఇచ్ఛాపురం, కవిటి వైపు గాలివానతో ఊపేసిన ఫణి, అన్నీ ఈ రెండు నెలల్లో వచ్చినవే. వేట లేదు కదా అని రేడియో వినడం మానేస్తే పడవ కొట్టుకుపోయాక తెలుస్తుంది. పడవకు రెండు వైపులా తాళ్లు వేసి, గట్టి చెట్టు మొదలుకో, ఇసుకలో లోతుగా పాతిన దుంగకో కట్టాలి. ఎండిన తాటిచెట్టుకు కట్టకండి, గాలికి అదే పడవ మీద పడుతుంది. ఇంజనును పడవకు వదలకుండా విప్పి ఇంటికి తేవాలి. ఒడ్డున ఉన్న పాకలో వలలు ఉంచినవాళ్లు, వాయుగుండం కబురు వినగానే ఊళ్లో ఎవరి డాబా ఇంట్లోనైనా చోటు అడిగి చేర్చుకోవాలి. ఆ చోటు ఎక్కడో ఏప్రిల్‌లోనే మాట్లాడి పెట్టుకుంటే ఆ రాత్రి పరుగులు ఉండవు.

చెరువు వలల వాళ్లకు

సముద్రంతో పని లేని పల్లెల్లో చెరువులు ఎండేదీ ఈ రోజుల్లోనే. విసురు వలకు, లాగుడు వలకు ఉప్పు బాధ లేదు, బురద బాధ ఉంది. ఎండిన బురద ముడుల్లో బిగుసుకుంటే పోగును కోస్తుంది కనుక తడి ఆరక ముందే జాడించాలి. నీడ, ఉట్టి, ఎలుక సంగతి అందరికీ ఒకటే. సంఘం వలలు ఎవరి ఇంట్లో ఉన్నాయో పుస్తకంలో రాయించి, ఇద్దరి సంతకాలు తీసుకోవడం మంచిది. అందరి వల ఎవరి వలా కాదన్నట్టు అవుతుంది లేకపోతే.

మృగశిర ప్రవేశించగానే, అంటే జూన్ 8 ప్రాంతంలో, వలను దింపి ఒకసారి నీళ్లలో ముంచి, తాళ్లను చేత్తో లాగి చూసుకోవాలి. ఇంజనుకు తాజా ఇంధనం పోసి ఒడ్డునే డ్రమ్ములో పావుగంట నడిపి చూడాలి. లోపం బయటపడితే సరిచేయించుకోవడానికి ఇంకా వారం రోజుల వ్యవధి ఉంటుంది.